కరెంటవ్వ గొంతు

నేను రాసేది నిదానం. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నాకు పూర్తిగా లొంగవు. మనవరాలితో పాటు పలక పట్టినదాన్ని. పోయిన భాగం ఆలస్యంగా పంపినందుకు పత్రిక వారు, తప్పులుంటే చదివేవారు మన్నించాలి. కథ ఎక్కడ ఆగిందో చెప్పి ముందుకు వెళ్తాను.

భూపాల్ గని కార్మికుడి కొడుకు. వెలుగుధార కరెంటు కంపెనీలో చిన్న ఇంజనీరుగా చేరి, వినియోగదారుల సేవలకూ కొత్త పద్ధతులకూ పెద్ద అధికారి అయ్యాడు. గాలివానలో తానే స్తంభం ఎక్కి బస్తీకి లైట్లు తెప్పించినవాడని గోదావరిఖనిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బిల్లు కోసం ఎండలో వరస కట్టే బాధ తప్పించింది అతనే. ఆఖరికి కన్నతల్లి లింగవ్వ గొంతును కంపెనీ గొంతు చేశాడు. మీటరులో వేసుకున్న డబ్బు అయిపోవస్తే ఆ ఇంటికి ఫోన్ వెళ్తుంది: "బిడ్డా, నేను లింగవ్వను. మీటర్ల పైసలు ఒడువ వచ్చినయ్. జల్ది ఏసుకోండ్రి బిడ్డా, చీకట్ల ఉండకుండ్రి." అప్పటి నుంచి ఆమెకు కరెంటవ్వ అని పేరు.

రేపు హైదరాబాదులో భూపాల్‌ను డైరెక్టరు కుర్చీకి ఎంచుతారు. ఈరోజు పొద్దున బస్తీలో పోశం చచ్చిపోయాడు. బాయి అని మేము పిలిచే బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము, ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద బతుకుతున్నవాడు. వేసిన డబ్బు అయిపోగానే మీటరు దానంతట అదే ఆగింది. మిషను ఆగింది. లింగవ్వ, పోశం భార్య ఓదెమ్మ ఒకప్పుడు ఒకే గని క్వార్టర్ల వరసలో పక్కపక్క గుమ్మాలవాళ్ళు. ఏడవడానికి లింగవ్వ ఆ ఇంటికి బయలుదేరింది.

మావైపు చావింటికి పోయి ఊరికే కూర్చోరు. వాకిట్లోకి అడుగు పెడుతూనే గొంతెత్తాలి. పోయినవాడి మంచి చెప్పాలి, వాడితో తమకున్న పొత్తు చెప్పాలి, ఎందుకు విడిచిపోయావని వాడినే నిలదీయాలి. లింగవ్వ శోకం తీస్తే మగవాళ్ళు కూడా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు.

"ఓ పోశమన్నా..." అని ఎత్తుకుంది. "బాయి మీదికి పోయేటప్పుడు మా వాకిట్ల ఆగి నిప్పు అడిగేటోనివి, ఓ పోశమన్నా... మా ఆయన పోయిన్నాడు పాడె నీ భుజం మీదికెల్లి దింపనోనివి..."

పోశం కాళ్ళ మీద పడి ఉన్న ఓదెమ్మ తల ఎత్తింది.

"మూయ్! ఎవరన్న ఆ గొంతు మూయుండ్రే!"

లింగవ్వ శోకం సగంలో తెగిపోయింది.

"ఓదెమ్మా, నేనే లింగవ్వను..."

"ఎరుకనే. ఫోన్ల గూడ గదే అంటివి. నేను లింగవ్వను, నేను లింగవ్వను అని." ఓదెమ్మ లేచి కూర్చుంది. జుట్టు ముఖం మీద పడి ఉంది. "ఎన్నిసార్లు చెప్పుకున్న నీకు? అక్కా, పింఛను ఇంక పడలే, ముసలోడు మిషన్ మీద ఉన్నడు, జర నీ కొడుక్కు చెప్పి ఆపుమను అంటే, ఊఁ అంటివి. దగ్గు ఎక్కువైందని చెప్తే ఊఁ అంటివి. నేను ఏడిస్తే అంతా ఇంటివి. ఊఁ... ఊఁ... అనుకుంట."

"నేనెప్పుడన్ననే? గది మిషన్ల నింపిన మాట. నేను గాదు."

"ఊఁ గూడ మిషనేనా?"

మైకు ముందు కూర్చుని బిల్లు మాట చెప్పిన సంగతి లింగవ్వకు తెలుసు. ఊఁ అన్న సంగతి తెలియదు.

క్వార్టర్లలో బతికినన్నాళ్ళు కరెంటు గని వాళ్ళదే, ఆ ఆడవాళ్ళకు బిల్లంటే ఏమిటో తెలియదు. లైటు పోతే తెలిసినవాడికి చెప్పుకోవడమే. నీళ్ళు రాకున్నా అంతే, మగడికి డ్యూటీ మార్చాలన్నా అంతే. ఎవరో ఒకరు మనవాడు ఉంటాడు, అతని చెవిన వేస్తే పని అవుతుంది, చెప్పుకున్న తర్వాత మళ్ళీ అడగడం అతన్ని అనుమానించినట్టు. ఓదెమ్మ కూడా లింగవ్వ చెవిన వేశాననుకుని ఊరుకుంది. కోడలు మమత తన ఫోన్‌లో నుంచి మీటరుకు డబ్బు వేయబోతే ఆమే చేయి పట్టుకుని ఆపింది. "లింగవ్వకు చెప్పినంక మళ్ళ ఏసుడేందే? ఆమెను నమ్మనట్టు గాదా?" అన్నది.

ఇప్పుడు మమత గోడకు ఆనుకుని, అత్త పట్టుకుని ఆపిన తన చేతిని చూసుకుంటోంది.

పాడె కడుతున్న రాయమల్లు, పోశంతో కలిసి బొగ్గు తవ్వినవాడు, లింగవ్వ దగ్గరికి వచ్చాడు. "వదినే, నువ్వు పో. నీ కొడుక్కు చెప్పు. పొద్దు వాలకముందు వచ్చి ఓదెమ్మకు జవాబు చెప్పాలె. రాకుంటే శవాన్ని కాష్టం కాడికి గాదు, కంపెనీ గేటు కాడికి తీస్కపోతం. పేపరోళ్ళు, టీవోళ్ళు, అందర్నీ పిలుస్తం. రేపు ఆయన కుర్చీ ఎట్ల ఎక్కుతడో చూస్తం."

"నిజం చెప్పు రాయమల్లూ. నేను గట్ల జేస్తనా?"

రాయమల్లు తాడు ముడి వేస్తూ, "ఏమో వదినే," అన్నాడు. "నేను గూడ ఇన్న ఆ ఊఁ. నీదే."

చావింటి నుంచి వచ్చినవాళ్ళు తల మీద నీళ్ళు పోసుకోకుండా ఇంట్లోకి రారు. భూపాల్ బంగళా ముందు పూలమొక్కల పక్కన నల్లా ఉంది. కోడలు భవ్య అప్పటికే బకెట్టూ ఆరేసిన చీరా అక్కడ పెట్టించింది. భవ్య వాళ్ళది కోస్తా వైపు, తండ్రి పెద్ద ఇంజనీరు. మాట ఎప్పుడూ తగ్గుస్వరంలోనే ఉంటుంది.

"అత్తయ్యగారూ, ముందు స్నానం చేసేయండి. కాఫీ పెడతాను."

లింగవ్వ నల్లా వైపు వెళ్ళలేదు. మెట్ల ముందు నిలబడింది. "వాణ్ణి పిలువు."

భూపాల్ గడప లోపలి నుంచే మాట్లాడాడు. రేపటి కోసం కుట్టించిన కోటు తొడిగి చూసుకుంటున్నాడు.

"అవ్వా, మొదలు తానం చెయ్. తర్వాత కూసోని మాట్లాడుదం."

"నేను ఊఁ అన్ననారా?"

భూపాల్ గుండీ పెట్టుకుంటున్న చేయి ఆపలేదు. "ఎవలు చెప్పిన్రు?"

"పీనుగ ముందట కూసోని ఓదెమ్మ చెప్పింది. అన్ననా, లేదా?"

"అన్నవ్." అతని గొంతులో దాపరికం లేదు. పైగా చిన్న ఉత్సాహం ఉంది, బాగా చదివిన పాఠం అప్పచెప్పమంటే పిల్లలకు ఉండే ఉత్సాహం. "మొదలు ఊఁ లేకుండె. లింగవ్వ చెప్పుడే గని మా మాట ఇనది అని జనం గులిగేటోళ్ళు. కోపంతోని ఫిర్యాదు నంబరుకు చేసేటోళ్ళు. గప్పుడు నాకు తట్టింది. మనిషికి పని గావాలని లేదవ్వా, ఇనేటోళ్ళు గావాలె. మాట మధ్యల సందు పెట్టి ఒక ఊఁ ఏసినం. వాళ్ళు కడుపుల ఉన్నదంతా చెప్పుకుంటరు, మనసు తేలికైతది, ఫోన్ పెడ్తరు. ఫిర్యాదులు సగానికి పడిపోయినయ్. దేశంల ఇంకెవ్వలు చెయ్యలే. రేపు వాళ్ళు నన్ను అడిగేది గా ఊఁ గురించే."

"నేనెప్పుడన్ననురా గట్ల?"

"ఎందుకవ్వా గవన్ని?"

"ఎప్పుడన్న?"

భూపాల్ కోటు భుజాలు సర్దుకున్నాడు. "నేను నాయిన ముచ్చట నీకు చెప్పిన నాడు."

ఆ రోజు లింగవ్వకు బాగా తెలుసు. బంగళాకు వచ్చిన తర్వాత కొడుకు ఆమె పక్కన అంతసేపు కూర్చున్నది ఆ ఒక్కరోజే. బతుకమ్మ పండుగ అయిపోయిన దినాలు. భూపాల్ పెందలాడే ఇంటికి వచ్చి, వరండాలో ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. బాయి నుంచి తండ్రి రావడం, ముఖమంతా నలుపు ఉండగానే తనను ఎత్తుకోవడం, తల్లి తిట్టడం, తన చెంపకు అంటిన బొగ్గును బడికి పోయేదాకా కడగనివ్వకపోవడం, అన్నీ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ఆమె అతని తల మీద చేయి వేసి ఊఁ కొడుతూ కూర్చుంది. నా కొడుకు తండ్రిని మరిచిపోలేదని ఆ తర్వాత ఎదురుపడిన వాళ్ళందరికీ చెప్పుకుంది. ఓదెమ్మకు రెండుసార్లు చెప్పింది.

"స్టుడియోల అనుమంటే గొర్రె లెక్క అన్నవ్," అన్నాడు భూపాల్. "మనసు పెట్టి ఇన్నట్టు రావాలంటే నీకు ఇనబుద్ధయ్యేది చెప్పాలె గదా."

"ఏడిస్తివి గదరా."

"ఏడుపు నిజమే అవ్వా. మైకు గూడ నిజమే."

లింగవ్వ మెట్టు మీద చేయి ఆన్చింది. పాలరాయి ఎండకు కాలుతున్నా చేయి తీయలేదు.

"ఓదెమ్మ మాట నువ్వు ఇన్నవా?"

"ఇన్న."

"పోశం మిషన్ మీద ఉన్నడన్నది ఇన్నవా?"

"ఇన్న అంటున్న గదా. పెద్ద సార్ల మీటింగుల ఇనిపిచ్చిన గూడ. జనం మన గొంతును ఎంత నమ్ముతున్నరో చూపెట్టెతందుకు అంతకంటె మంచిది దొరకలే. చప్పట్లు కొట్టిన్రు."

"అప్పటికి పోశం బతికే ఉన్నడు."

"ఉన్నడు."

"మరి?"

భూపాల్ కొంచెం విసుగ్గా చూశాడు. "నేను నమ్మకం ఎంతున్నదో ఇన్ననవ్వా. ఆమె ఏం అడుగుతున్నదో చూసుడు నా పని గాదు. గది వేరే డిపార్ట్‌మెంటు."

లింగవ్వ నవ్వింది. భవ్య తలుపు వెనక నుంచి తొంగి చూసింది, అత్తగారికి మతి చలించిందేమోనని.

"మీ నాయిన నిన్ను ఎత్తుకోని ముద్దు పెడితే మసి అంటిందని తిడితి. ఆ మసే నయం కొడుకా. నీళ్ళు పోస్తే పోయేది."

"తిట్టు. ఎంత తిడతవో తిట్టు. గని ఒక్క పని చెయ్." భూపాల్ గడప మీద గొంతుక్కూర్చున్నాడు, కోటు నలగకుండా చూసుకుంటూ. "శవం గేటు కాడికి వస్తే నా పని ఖతం. ఇన్నేండ్ల నౌకరీ, ఈ కుర్చీ, అంతా పోతది. ఓదెమ్మకు ఫోన్ చెయ్. పొద్దుండంగ సాగనంపుమను. నువ్వంటే ఇంటది."

"నా గొంతు ఇంక నీకియ్య."

"అవ్వా."

"ఇయ్య. పోయి ఆమె కాళ్ళు మొక్కు. నువ్వు పోతేనే ఆ పీనుగ లేస్తది."

భూపాల్ లేచి నిలబడి ఫోన్ తీసి ఏదో టైపు చేయసాగాడు. "నువ్వు ఇయ్యనక్కర లేదు," అన్నాడు తల ఎత్తకుండానే. "నీ గొంతు మా దగ్గర మస్తుగున్నది. నేను ఏది రాస్తే గది, అచ్చం నీ లెక్కనే పలుకుతది. రేపటి కోసం దాచిన ముచ్చట ఇది. ఇయ్యాల్నే తీయిస్తివి."

ఫోన్ స్పీకరు మీద పెట్టాడు. అవతల మోగింది. ఓదెమ్మ ఎత్తింది, వెనక డప్పులు వేడి చేస్తున్న చప్పుడు.

నోరు మూసుకుని నిలబడిన లింగవ్వకు తన గొంతు వినిపించింది.

"ఓదెమ్మా, నేను లింగవ్వనే. నీ ముంగట అబద్ధమాడిన. నువ్వు చెప్పుకున్నది నిజం, నేను ఊఁ అన్నది నిజం. కొడుక్కు చెప్పుడు మర్సిన. ముసల్దాన్ని, యాది లేకపాయె. పాపం నాది, వానికేం ఎరుక లేదు. పోశమన్నను పొద్దుండంగ సాగనంపుండ్రి తల్లీ."

లింగవ్వ ఒక్క ఉదుటున మెట్టెక్కి "ఓదెమ్మా!" అని అరిచింది. భూపాల్ అప్పటికే ఫోన్ కట్టేశాడు. ఆమె చేయి అతని కోటుకు తగిలింది.

"అయ్యో, మైల!" అంది భవ్య. "ఏవండీ, ఆ కోటు రేపు ఎలా వేసుకుంటారు?"

మమత స్కూటీ మీద వచ్చేసరికి లింగవ్వ ఇంకా మెట్ల దగ్గరే ఉంది. మమత బండి దిగలేదు. హెల్మెట్టు కూడా తీయలేదు.

"పెద్దవ్వా, అత్త ఒక్క మాట అడిగి రమ్మన్నది. ఫోన్ల చెప్పింది నువ్వేనా? ఔనంటే ఇటు కాష్టానికి ఎత్తుతం. కాదంటే గేటు కాడికి పోతం."

భూపాల్ మెల్లగా అన్నాడు, మమతకు వినపడకుండా. "అవ్వా, ఔనను. నీకేం పోతది? ముసల్దానివి, మర్సినవంటే ఎవలు ఏమనరు. నాకు బతుకు పోతది."

లింగవ్వ అతని వైపు చూడలేదు.

"కాదు బిడ్డా. గది నేను గాదు. ఓదెమ్మకు మొఖం మీద చెప్త. నన్ను తీస్కపో."

వెనక ఎక్కి కూర్చుంది. బండి గేటు దాటేటప్పుడు వెనక్కి చూసింది. భూపాల్ గడప దగ్గరే నిలబడి, రెండు బొటనవేళ్ళతో ఫోన్ మీద రాస్తున్నాడు.

ఎండ దిగలేదు. ఆ రోడ్డు మీద చెట్టు లేదు, పవర్ హౌస్ పొగ గొట్టాల నీడ కూడా అంత దూరం రాదు. రైల్వే గేటు దగ్గర బండ్లన్నీ ఆగాయి. మమత ఫోన్ మోగింది. ఎత్తి హెల్మెట్టు సందులో పెట్టుకుంది. వినేకొద్దీ మెడ బిగుసుకుపోవడం లింగవ్వ వెనక నుంచి చూసింది. సన్నగా తన గొంతే, తన ముందున్న హెల్మెట్టులో నుంచి వస్తోంది.

"మమతా, నేను మీ పెద్దవ్వను. నీ బండెక్కింది నా చెల్లె, నా లెక్కనే ఉంటది" అని చెప్పి ఉంటే మమత నవ్వేది. భూపాల్ అంత తెలివితక్కువవాడు కాదు. జనం ఏది నమ్ముతారో అతనికి తెలుసు. ఆ గొంతు ఇలా అంది: "బిడ్డా, భూపాల్ బంగళల పెట్టిన మాటిది, నా నోటితోని ముందుగాల్నే నింపి పెట్టిన. నాకు ఈ నడుమ మతి నిలుస్తలేదు. దవాఖానల చూపిస్తున్నరు. ఒకసారి ఔనంట, ఒకసారి కాదంట. కోపమొస్తే కొడుకు మీద లేనిది చెప్త. మంచిగున్నప్పుడు చెప్పిన మాటనే నమ్ముండ్రి తల్లీ. నన్ను చావు కాడికి తీస్కపోకుండ్రి, ఆడ ఆగమాగం చేస్త."

మమత ఫోన్ దింపింది. హెల్మెట్టు తీసి వెనక్కి తిరిగింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"పెద్దవ్వా, నీకు మందులు నడుస్తున్నయా?"

"బీపీకి ఏసుకుంట."

"తలకాయకు?"

"ఒసేయ్, వాడు రాసిండే అది! వాడు రాస్తే మిషను అంటది!"

అరుపుకు పక్క ఆటోలోవాళ్ళు తిరిగి చూశారు. వాడు రాశాడట, మిషను అన్నదట. ఆ మాట బయటికి వచ్చాక ఎలా వినిపించిందో లింగవ్వకే తెలిసింది. జుట్టు విరబోసుకుని ఉంది, స్నానం లేదు, కాళ్ళకు చెప్పులు లేవు.

"దిగు పెద్దవ్వా," అంది మమత. కోపంగా కాదు, జాలిగా. అది ఇంకా ఘోరంగా ఉంది. "ఇంటికి పో. నేను అత్తకు ఔనన్నదని చెప్త. ఇప్పటికే పీనుగ వాసనొస్తున్నది."

రైలు పోయింది. గేటు లేచింది. మమత పోయింది.

కాసేపటికి బస్తీ వైపు నుంచి డప్పులు మొదలయ్యాయి. పాడె లేచింది.

లింగవ్వ వెనక్కి పోలేదు. శవం గోదారి దారి పట్టిందంటే నాలుగు బాటల దగ్గర దింపక తప్పదు. పాడె ఎత్తినవాళ్ళు కాష్టానికి పోయే దారి సగంలో ఆగి, నేల మీద దింపి, పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఒకవేళ ప్రాణముంటే పలుకుతాడని. దింపుడు కళ్లం అంటారు. అప్పుడు డప్పులు ఆపుతారు, ఏడుపు ఆపుతారు, ఊపిరి కూడా గట్టిగా తీయరు. ఊరంతా వినడానికే నిలబడే క్షణం అదొక్కటే. అక్కడ ఎదురుగా మనిషి నిలబడి మాట్లాడితే అది ఎవరి గొంతో ఎవరూ అడగరు.

తారు రోడ్డు వదిలి అడ్డదారిన నడిచింది. పాదాలు బొబ్బలెక్కాయి. వాళ్ళకంటే ముందే నాలుగు బాటల దగ్గరికి చేరి మట్టిలో నిలబడింది.

పాడె వచ్చింది. ముందు నిప్పుకుండ, వెనక రాయమల్లు భుజం, ఆ వెనక ఆడవాళ్ళ మధ్య ఓదెమ్మ. లింగవ్వను చూసి మమత రాయమల్లు చెవిలో ఏదో చెప్పింది. ఎవరూ ఆమెను తరమలేదు. ఎవరూ పలకరించలేదు. పిచ్చిదానికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగారు.

పాడె దించారు. డప్పులు ఆగాయి. రాయమల్లు వంగి పోశం చెవి దగ్గర నోరు పెట్టాడు.

"పోశం... ఓ పోశం... పోశమన్నా..."

పోశం పలకలేదు.

ఆ నిశ్శబ్దంలో లింగవ్వ ముందుకు వచ్చి ఓదెమ్మ ఎదుట నిలబడింది. కళ్ళలోకి చూసింది. ఓదెమ్మ తల తిప్పుకోలేదు. మొట్టమొదటిసారి వినడానికన్నట్టు చూసింది.

"ఓదెమ్మా," అంది లింగవ్వ. "నా పెదవులు చూసుకుంట ఇను. నేను..."

రాయమల్లు జేబులో ఫోన్ మోగింది. వెంటనే మమత చేతిలోది. డప్పు కొట్టేవాళ్ళవి, పాడె మోసేవాళ్ళవి, వెనక నిలబడ్డ ఆడవాళ్ళ కొంగుముళ్ళలోవి, అన్నీ ఒక్కసారిగా మోగాయి. ఎవరో ఒకరు అలవాటుగా ఎత్తారు. "బిడ్డా, నేను లింగవ్వను," అంది ఫోను.

— అనసూర్య, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది రామకృష్ణాపూర్‌లో, చిన్న బిడ్డ ఇంట్లో.